లూజు సిగరెట్టుకు ప్లెయిన్ ప్యాకింగ్

సిగరెట్టు పెట్టె వికారంగా ఉంటే కుర్రకారు దాని జోలికి పోరని నమ్మి, మొట్టమొదట చట్టం చేసి చూసిన దేశం ఆస్ట్రేలియా. 2012 డిసెంబరు 1 నుంచి అక్కడ ఏ కంపెనీ సిగరెట్టయినా ఒకే రకం పెట్టెలో అమ్మాలి. దీన్నే ప్లెయిన్ ప్యాకింగ్ అంటారు. బంగారు గీతలు, కిరీటాలు, మెరుపులు అన్నీ పోయాయి. బ్రాండు పేరు చిన్న అక్షరాల్లో, అన్ని కంపెనీలకూ ఒకటే అచ్చులో ఉంటుంది. మిగతా చోట జబ్బుల ఫొటోలు, అవి పోను మిగిలిన చోటంతా ఒక బురద రంగు.

ఆ రంగు ఊరికే దొరకలేదు. పరిశోధకుల్ని పెట్టి, పొగతాగేవాళ్లకు రకరకాల రంగులు చూపించి, ఏది చూస్తే కడుపులో తిప్పుతుందో అడిగి మరీ తేల్చారు. గెలిచిన రంగు పేరు పాంటోన్ 448 సి. ప్రపంచంలోకెల్లా అసహ్యమైన రంగని పత్రికలు దానికి బిరుదు కూడా ఇచ్చాయి. మొదట్లో దాన్ని ఆలివ్ గ్రీన్ అంటుంటే, మా పంట పరువు తీయొద్దని అక్కడి ఆలివ్ రైతులు మొర పెట్టుకున్నారు.

అంత శ్రమ పడినందుకు ఆస్ట్రేలియాకు పొగాకు పండించే మా ప్రకాశం జిల్లా తరఫున సానుభూతి తెలియజేస్తున్నాను. ఆ రంగు మాకు ఎప్పుడో తెలుసు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, ఏ పొగాకు వేలం కేంద్రానికైనా పోయి చూడండి. ఆకు కాల్చే కొట్టం, అదే బ్యారన్‌లోంచి ఆకు నిమ్మపండు రంగులో దిగితే కంపెనీ కొనుగోలుదారు ఆ చెక్కు (ఆకు కట్టిన బేలు) దగ్గర ఆగుతాడు, చెయ్యి పెట్టి చూస్తాడు, పక్క కంపెనీవాడితో పోటీ పడతాడు. అదే ఆకు మట్టి రంగుకు తిరిగిందా, తల తిప్పకుండా ముందుకు నడుస్తాడు. నోబిడ్, అంటే పాట పాడేవాడే లేడు. రైతు ఆ చెక్కును మళ్లీ బండెక్కించుకుని ఇంటికి పోవాలి. రంగు చూసి మనిషి మొహం తిప్పుకుంటాడని రుజువు చేయడానికి ఇంతకంటే పెద్ద ప్రయోగశాల ఎక్కడుంది? పొగాకు బోర్డుకు ఒక ఉత్తరం ముక్క రాసుంటే మా రైతులు శాంపిల్ పంపేవాళ్లు. ఆలివ్ రైతుల్లా పేచీ కూడా పెట్టేవాళ్లం కాదు. ఆ రంగుకు 'ఒంగోలు నోబిడ్' అని పేరు పెట్టుకోండని సంతోషంగా ఒప్పుకునేవాళ్లం.

పెట్టె అందం చూసి ఎవరూ పొగ మొదలుపెట్టరని కంపెనీలు మొదటి నుంచీ చెబుతున్నాయి. పెట్టె రంగు అంత చిన్న విషయం కాబట్టే, దానికోసం ఫిలిప్ మోరిస్ కంపెనీ హాంగ్‌కాంగ్ శాఖను ముందు పెట్టి ఆస్ట్రేలియా ప్రభుత్వం మీద అంతర్జాతీయ దావా వేసింది. ప్లెయిన్ పెట్టెల ప్రకటన వచ్చాక, ఆస్ట్రేలియా వ్యాపారంలో వాటాలు హాంగ్‌కాంగ్ పేరుకు మార్చుకుని మరీ దావాకు దిగడం హక్కుల దుర్వినియోగమని 2015 డిసెంబరులో ట్రిబ్యునల్ తోసిపుచ్చింది. ఇంకోపక్క ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐదు దేశాలు ఫిర్యాదు చేశాయి. అందులో ఉక్రెయిన్ ఒకటి. ఆస్ట్రేలియాతో చెప్పుకోదగ్గ పొగాకు వ్యాపారమే లేని దేశానికి ఆ పెట్టె మీద అంత బెంగ ఎందుకు కలిగిందో దాని అంతరాత్మకే తెలియాలి. ఉక్రెయిన్ మధ్యలో తప్పుకుంది, మిగతావాళ్లు 2018లో ఓడారు, అప్పీలుకు వెళ్లినవాళ్లు 2020లోనూ ఓడారు.

పెట్టెలు మారిన కొత్తలో ఆస్ట్రేలియా ఆరోగ్య మంత్రి టాన్యా ప్లిబెర్సెక్ ఒక తమాషా సంగతి బయటపెట్టారు. సిగరెట్టు రుచి పాడైందని జనం ఫిర్యాదు చేస్తున్నారట. లోపల పొగాకు అదే, బయట అట్ట మాత్రమే మారింది. పిల్లలకు రంగుల పెట్టె, బురద పెట్టె పక్కపక్కన పెట్టి చూపించిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది. బురద పెట్టెలోది చవకబారుదని, రుచి ఉండదని, తాగేవాడు కూడా పెద్ద గొప్పోడేం కాడని వాళ్లు తీర్పు చెప్పారు. 2017లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థవాళ్లు అప్పటిదాకా వచ్చిన 51 అధ్యయనాలను వడకట్టి, పెట్టె ఆకర్షణ తగ్గడం నిజమే, తాగేవాళ్ల సంఖ్య కూడా కొంత తగ్గవచ్చు, కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్ల మీద ఎంత పనిచేస్తుందో తేల్చడానికి మాత్రం ఆధారాలు చాలవు అన్నారు. జాగ్రత్తపరుల మాట అలాగే ఉంటుంది.

ఇక్కడిదాకా వ్యవహారం బాగానే ఉంది. చిక్కంతా ఈ సిద్ధాంతాన్ని నెల్లూరుకు తెచ్చినప్పుడే.

కాలేజీలు గుంపుగా ఉండే ఏ వీధికైనా సాయంత్రం వెళ్లి, ఇంటర్ చదివే అబ్బాయిని సిగరెట్టు పెట్టె ఏ రంగులో ఉంటుందని అడగండి. తెల్లమొహం వేస్తాడు. ఎందుకంటే వాడు జన్మలో పెట్టె కొనలేదు. "అన్నా, ఒకటియ్యి" అంటాడు, అంతే. కిళ్లీ బంకు అన్న చెయ్యి వెనక్కి పోతుంది, సిగరెట్టు పుల్ల ఒక్కటే ముందుకొస్తుంది. పెట్టె అరలోనే ఉండిపోతుంది. మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని నిబంధన. ఆ భయంకరమైన ఫొటో పొద్దుటి నుంచి రాత్రి దాకా చూసే మనిషి మొత్తం వీధిలో ఒక్కడే: బంకు యజమాని. ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నా తాను ముట్టనని చెప్పే బంకువాళ్లు మీకూ తగిలే ఉంటారు. హెచ్చరికలు పనిచేయవని ఎవరన్నారు? చూసినవాడి మీద దివ్యంగా పనిచేస్తున్నాయి.

ఇంగ్లండువాళ్లను చూస్తే జాలేస్తుంది. పది సిగరెట్ల పెట్టె చవకగా దొరికితే పిల్లలు కొంటారని 2017 మే నుంచి దాన్ని కూడా తీసేశారు. ఇరవైకి తక్కువ అమ్మకూడదు. మనం ఇంకా ముందుకు పోయాం. ఒకటి కొనొచ్చు. ఇద్దరు కలిసి ఒకటి కూడా కొనొచ్చు, దాన్ని దోస్తీ అంటాం. టెన్షన్ అంటే పరీక్షలని, పరీక్షలంటే పుల్లని తేల్చుకున్న పిల్లవాడికి సీనియర్ అన్న చేతిలోంచి సగం కాలింది అందుతుంది. దానికి ఏ పెట్టె తొడగాలి?

చట్టం లేదనకండి. 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. గజాలు ఎక్కడి నుంచి కొలవాలో కూడా రూల్సులో ఉంది: ప్రహరీ గోడ బయటి అంచు నుంచి, చుట్టూతా. అంటే 91 మీటర్ల చిల్లర వ్యాసార్థం. ఆ వృత్తం ఎక్కడ ముగుస్తుందో లెక్కల లెక్చరర్‌కు తెలియకపోవచ్చు గానీ బంకు అన్నకు అడుగులతో సహా తెలుసు. 18 ఏళ్లలోపు వారికి అమ్మబడవు అన్న బోర్డు కూడా తప్పనిసరి కాబట్టి బోర్డు ఉంటుంది. దాని ముందు చిప్స్ ప్యాకెట్ల దండ వేలాడుతుంది కాబట్టి కనపడదు, అంతే తేడా. పట్టుబడితే ఆ చట్టం కింద జరిమానా 200 రూపాయల వరకు. 2003 నుంచీ ఆ అంకె కదల్లేదు. సిగరెట్టు ధర మాత్రం ఎన్నోసార్లు కదిలింది. పిల్లల చేతికి పొగాకు ఇచ్చిన నేరానికి 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఒకే పుల్లకు ఒక పుస్తకంలో రెండొందలు, ఇంకో పుస్తకంలో ఏడేళ్లు. ఇంతటి వెసులుబాటు ఉన్న న్యాయవ్యవస్థ మరెక్కడుందో చూపించండి. "ఒరే, బంకు దగ్గరికి పోయి నాకొకటి పట్రా" అని ఎనిమిదో తరగతి పిల్లోడి చేతిలో డబ్బులు పెట్టే బాబాయిలు ఆ రెండో పుస్తకం తెరవకపోవడం మంచిది, రాత్రి నిద్ర పట్టదు.

నిజానికి ప్లెయిన్ ప్యాకింగ్‌ను మనం వెయ్యకుండానే వేసుకున్నాం. తాతల చుట్ట చూడండి. పెట్టె లేదు, పేరు లేదు, మెరుపు లేదు, ఆకులో ఆకు. రంగు అచ్చం ఆ 448 సి. ఒంగోలు కర్నూలు రోడ్డులో బైకు మీద ఆనుకుని స్టైలుగా చుట్ట తాగుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఎవరైనా చూశారా? అదే పొగాకు జాతి తెల్ల కాగితంలో దూరేసరికి మగతనమైపోయింది. కాబట్టి ఆస్ట్రేలియా సిద్ధాంతం తప్పని నేననను. పెట్టె దగ్గర ఆగిపోయిందంటాను.

అసలు తొడగాల్సినవాళ్లు వేరే ఉన్నారు. మొదట సినిమా హీరో. ఆయన పుల్ల వెలిగిస్తుంటే వెనక డప్పులు, స్లో మోషన్, థియేటర్లో కాగితాలు. కింద మూలన చిన్న అక్షరాల్లో 'పొగ త్రాగుట ఆరోగ్యానికి హానికరం'. ఇకమీదట వెలిగించిన క్షణం నుంచి ఆర్పేదాకా హీరోకు బురద రంగు లుంగీ, బురద రంగు చొక్కా వేయాలి, డప్పులు ఆపాలి, మధ్యలో ఒకసారి దగ్గించాలి. ఫాన్స్ అసోసియేషన్ల అభ్యంతరాలుంటే 30 రోజుల్లో తెలపొచ్చు.

ఇక పుల్ల సంగతి. దీనికి కెనడా దారి చూపింది. 2023 ఆగస్టులో అమల్లోకి వచ్చిన నిబంధనలతో పెట్టెతో ఆగకుండా ఒక్కో సిగరెట్టు మీద కూడా హెచ్చరిక అచ్చేయించడం దశలవారీగా మొదలుపెట్టింది, ప్రతి దమ్ములోనూ విషం ఉందని. లూజు అమ్మకాల రాజధాని లాంటి మన జిల్లాలకు ఇంతకు మించిన చట్టం లేదు. వాక్యం మాత్రం మార్చుకోవాలి. విషమంటే పదిహేడేళ్లవాడు భయపడడు, ఇంకాస్త ఛాతీ విరుస్తాడు.

కొండపి వైపు నుంచి నెల్లూరు వచ్చి హాస్టల్లో చదివే కుర్రాడి ఫీజు చాలావరకు పొగాకు డబ్బే. తండ్రి వేలం కేంద్రంలో కిలోకు ఐదు రూపాయలు పెంచమని గొంతు చించుకుంటాడు. కొడుకు సిగరెట్టుకు అడిగినంత ఇచ్చి, చిల్లర కూడా అడగడు. ఒక్కో సిగరెట్టులో గ్రాముకు తక్కువే పొగాకు ఉంటుంది, అంటే కిలోకు వెయ్యికి పైనే పుల్లలు. లూజు ధరకు లెక్కేస్తే ఆ కిలో పదివేలు దాటుతుంది. అందులో పెద్ద ముక్క ప్రభుత్వానికి పన్నుగా పోతుంది, ఒప్పుకుంటాను. తండ్రికి దక్కింది మాత్రం పుల్లకు పావలా అటూ ఇటూ.

అదే అచ్చేయండి. ఫిల్టరు పక్కనే, చదవడానికి వీలుగా, తెలుగులో: 'దీనికి మీ నాన్నకిచ్చింది పావలా'. రంగు కావాలంటే నోబిడ్ రంగే వాడుకోండి, మా దగ్గర బోలెడుంది. కంపెనీలకు ఈ వాక్యం మీద అభ్యంతరం ఉంటే ఏ దేశం పేరు మీదైనా కోర్టుకు పోవచ్చు. ఉక్రెయిన్‌ను మాత్రం ఈసారి కదిలించొద్దని మనవి, దాని తిప్పలు దానికున్నాయి.