వెరోనికా అంటే ‘నిజమైన ప్రతిరూపం’ కాదు

పేర్ల అర్థాలు చెప్పే మెసేజ్‌లలో తరచూ కనిపించే మాట ఇది: “వెరోనికా లాటిన్ పేరు. వేరా అంటే నిజమైన, ఐకాన్ అంటే ప్రతిరూపం. సిలువ మోస్తున్న యేసు ముఖం తుడిచిన గుడ్డ మీద ఆయన రూపం పడింది కాబట్టి ఆమెకు ఆ పేరు వచ్చింది. ఇది బైబిల్లో ఉంది.” చదవగానే నమ్మాలనిపిస్తుంది. నేనూ చాలాకాలం నమ్మాను.

మొదట ‘లాటిన్ పేరు’ సంగతి. వేరా లాటినే, కానీ ఐకాన్ గ్రీకు. రెండు భాషల ముక్కలు అతికించి ఒక యూదు స్త్రీకి పేరు పెట్టారంటేనే అనుమానం రావాలి. పైగా వెరోనికా అనేది బెరెనికే అనే గ్రీకు పేరుకు మరో రూపం, ఆ పేరు యేసు కంటే ముందే ఉంది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దం చివర, 3వ శతాబ్దం మొదట్లో ఈజిప్టును ఏలిన మొదటి టాలెమీ భార్య పేరు బెరెనికే. మూడో టాలెమీ భార్యదీ అదే పేరు. ఆమె మొక్కుగా ఇచ్చిన జుట్టు పేరు మీద ఆకాశంలో ఒక నక్షత్రమండలం కూడా ఉంది.

అసలు గ్రీకు రూపం ఫెరెనికే. ఫెరో అంటే మోసుకొచ్చు, నికే అంటే విజయం. విజయాన్ని తెచ్చేది అన్నమాట. మాసిడోనియా వాళ్లు ‘ఫ’ని ‘బ’గా పలికేవారు. ఫిలిప్పోస్‌ని కూడా బిలిప్పోస్ అనేవారట! తర్వాతి గ్రీకులో ఆ ‘బ’ కాస్తా ‘వ’ అయింది. అదే నికే మన బైబిల్లో నీకొదేములోనూ, తిమోతి తల్లి యునీకేలోనూ ఉంది.

మరి ‘నిజమైన ప్రతిరూపం’ ఎక్కడిది? రోములో భద్రపరిచిన ఆ గుడ్డనే మధ్యయుగాల్లో వెరోనికా అనేవారు. 13వ శతాబ్దం మొదట్లో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ లాంటి రచయితలు దానికి ఈ అర్థం చెప్పారు. లాటిన్‌లో వేరా ఐకాన్ అక్షరాలను అటూ ఇటూ మారిస్తే సరిగ్గా వెరోనికా వస్తుంది, ఒక్క అక్షరం మిగలదు. అంత ముచ్చటైన పొంతన దొరికాక ఎవరు వదులుకుంటారు? లాటిన్‌లో ఈ రూపం స్థిరపడడానికి ఆ వివరణ కొంత తోడ్పడి ఉండొచ్చు. పేరు పుట్టింది మాత్రం దాని నుంచి కాదు.

ఇక ‘బైబిల్లో ఉంది’ అన్న మాట. నాలుగు సువార్తల్లోనూ ముఖం తుడిచిన స్త్రీ లేదు. ఆ ఘట్టం సిలువ మార్గం ప్రార్థనలో, అంటే యేసు సిలువ ప్రయాణాన్ని ఘట్టాలుగా తలచుకునే కతోలిక ప్రార్థనలో, ఆరవ స్థలం, సంప్రదాయం నుంచి వచ్చింది. సువార్తల్లో పేరు లేకుండా కనిపించే, రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీకి ‘పిలాతు కార్యాలు’ అనే బైబిలేతర గ్రంథం ఈ పేరు పెట్టింది. గ్రీకులో బెరెనికే, లాటిన్‌లో వెరోనికా. అక్కడ గుడ్డ ప్రస్తావనే లేదు.

తమాషా ఏమిటంటే, పేరు మాత్రం బైబిల్లో నిజంగానే ఉంది. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయంలో అగ్రిప్ప రాజుతో కలిసి పౌలు వాదన వినడానికి ఆడంబరంగా వచ్చిన బెర్నీకే, అతని చెల్లెలు. మెసేజ్ రాసినవాళ్లు ఆ పేజీ తెరిచినట్టు లేరు.