మెనీ థాంక్స్

పక్కింటాయన కంచె మా పెరట్లోకి జానెడు జరిగిందన్న అనుమానంతో, ఇంగ్లండ్‌కు వచ్చిన ఇన్నేళ్లకు మొదటిసారి సొలిసిటర్ గడప, అంటే ఇక్కడి లాయరమ్మ గడప, తొక్కాను. మర్నాడే ఆవిడ దగ్గర్నుంచి పన్నెండు పేజీల ఉత్తరం వచ్చింది. దాన్ని క్లయింట్ కేర్ లెటర్ అంటారట. పేరులోనే కేర్ ఉంది కదా, మన మంచి కోరే రాసి ఉంటారని చివరి పేజీ తిప్పి సంతకం గిలికేశాను. పెళ్లి శుభలేఖైనా ఇంతకంటే శ్రద్ధగా చదువుతాను. అందులో భోజనాల వేళ ఉంటుంది.

"ఏవండీ, ఈ డిస్బర్స్‌మెంట్స్ అంటే ఏమిటి?" అంది మా ఆవిడ.

"ఆఖర్న మనకిచ్చే డబ్బు" అన్నాను ధీమాగా.

ఫోన్ ఎత్తగానే పనిలోకి దిగడం నాకు చేతకాదు. ముందు వాన గురించి మాట్లాడాలి. ఈ దేశంలో వానకు కరువా! ఇక సొలిసిటర్ ఏం రాసినా "మెనీ థాంక్స్" అని జవాబు కొట్టేవాణ్ని.

బిల్లొచ్చింది. గంటను పది ముక్కలు చేసి, ఆరేసి నిమిషాల ముక్కకు యూనిట్ అని పేరు పెట్టారు. అర నిమిషం పనైనా ఒక యూనిట్టే. గంటకు 250 పౌండ్లు కాబట్టి యూనిట్‌కు 25, పైన 20 శాతం వ్యాట్, వెరసి 30. "క్లయింట్ మెయిల్ చదివినందుకు, 1 యూనిట్." ఆ మెయిల్లో ఉన్నవి రెండే మాటలు. మాటకు 15 పౌండ్లు! మహాకవులకైనా ఈ రేటు దక్కి ఉండదు.

డిస్బర్స్‌మెంట్స్ అంటే మన తరఫున ఆవిడ బయట కట్టి, మన దగ్గరే రాబట్టే ఖర్చులట. అలా ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి తెప్పించిన పటంలో ఎర్రగీత ఉంది. అది హద్దును మామూలుగా సుమారుగానే చూపుతుందట. నా జానెడు ఆ గీత మందంలోనే కలిసిపోయింది.

మొదట చెప్పిన మొత్తం ఒట్టి అంచనా, ఫిక్స్‌డ్ ఫీజు కాదని నాలుగో పేజీలో ఉంది. అంచనా దాటబోతోందని ఆవిడ రెండుసార్లు హెచ్చరించింది కూడా. రెండుసార్లూ నేను "మెనీ థాంక్స్" అన్నాను. అవీ బిల్లులో ఉన్నాయి.

చివరికి మా ఆవిడే కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం మొత్తం చదివింది. తొమ్మిదో పేజీలో ఆగి, "ఫిర్యాదు చేస్తే దానికి ఫీజు వేయరండీ. వాళ్లకు అలా నియమం ఉందట. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు వినే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికీ వెళ్లొచ్చట" అంది.

ప్రాణం లేచొచ్చింది. వెంటనే సొలిసిటర్‌కు ఫోన్ చేశాను. గడియారం గొడవ లేదు కాబట్టి వాన, ఎండ, ఆవిడ నడుంనొప్పి, పిల్లి, అన్నీ తీరిగ్గా మాట్లాడాను. నలభై నిమిషాలయ్యాక తృప్తిగా ఫోన్ పెట్టేశాను.

"ఇంతకీ ఫిర్యాదు చెప్పారా?" అంది మా ఆవిడ.

నేను నోరు తెరిచేలోగానే కాగితం మీద లెక్కేసింది. ఏడు యూనిట్లు.