స్పిర్-వి అసెంబ్లర్‌కు ‘లైను విడగొట్టి పట్టికలో వెతకడం’ సరిపోదు

గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. వాటిని ఆ చిప్‌కు చేరవేసే మధ్యస్థ భాష స్పిర్-వి. గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవారి మధ్య ఒక మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. పాఠ్యరూపంలో ఉన్న స్పిర్-వి షేడర్‌ను బైనరీగా మార్చే అసెంబ్లర్‌ను రెండు రోజుల్లో, రెండు వందల లైన్ల పైథాన్‌లో రాసేయవచ్చన్నదే ఆ మాట. దాని ప్రకారం ఫైలును లైన్లుగా విడగొట్టాలి. సెమికోలన్ తరువాతి భాగాన్ని వ్యాఖ్యగా భావించి తీసివేయాలి. మిగిలినదాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేయాలి. ప్రతి పేరుకూ పట్టికలో సంఖ్య వెతికి రాయాలి. అంకెలు కనిపిస్తే ఉన్నవి ఉన్నట్టు రాయాలి. లేబుళ్ల (ప్రోగ్రాములో దూకి చేరే చోట్ల పేర్ల) కోసం ఫైలును రెండుసార్లు చదవాలి. ఇంకా తప్పులు మిగిలితే, తయారైన బైనరీ నియమాల ప్రకారం ఉందో లేదో చూసే వ్యాలిడేటర్ పట్టుకుంటుంది. వినడానికి ఇందులో ప్రతి మెట్టూ సబబుగానే ఉంటుంది. ఒక్కొక్కటిగా పరిశీలిస్తే మాత్రం ఏదీ పూర్తిగా నిలబడదు. భాషలోని కీలకపదాలను కింద తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను.

ముందుగా అందులో నిజమున్నంత మేరకు ఒప్పుకోవాలి. క్రోనోస్ సంస్థ 2015లో ప్రకటించిన స్పిర్-వి, 2016 ఫిబ్రవరిలో వల్కన్ అనే గ్రాఫిక్స్ ఏపీఐ (ప్రోగ్రాములు గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకునే మార్గం) 1.0 వెలువడినప్పటి నుంచి ఆ ఏపీఐకి షేడర్లను అందించే రూపంగా ఉంది. దాని బైనరీ ఎంతో క్రమబద్ధమైనది. అంతా 32 బిట్ల వర్డులే. మొదటి ఐదు వర్డులు శీర్షిక. ఆ తరువాత వచ్చే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ మొదటి వర్డులో పై 16 బిట్లు ఆ ఇన్‌స్ట్రక్షన్ మొత్తం ఎన్ని వర్డులో చెబుతాయి, కింది 16 బిట్లు అది ఏ ఆపరేషనో చెబుతాయి. ఏ ఇన్‌స్ట్రక్షన్‌కు ఏయే ఆపరాండ్లు (ఆ ఆపరేషన్‌కు అందించే విలువలు) ఉంటాయో తెలిపే వ్యాకరణాన్ని క్రోనోస్ జేసన్ ఫైలుగా ప్రచురిస్తోంది కాబట్టి పట్టికలను చేతితో తయారుచేసుకోవలసిన పని కూడా లేదు. దశాంశ సంఖ్యలు లేని అతి చిన్న షేడర్‌కు పై పద్ధతి నిజంగానే పనిచేయవచ్చు. అయితే ప్రమాణం నిర్వచించేది బైనరీని. మనం చదివే పాఠ్యరూపం స్పిర్-వి టూల్స్ అనే పనిముట్ల సమూహంలో స్థిరపడిన వాడుక. బైనరీకి ఉన్న సరళత పాఠ్యానికీ ఉంటుందని అనుకోవడం దగ్గరే ఈ ప్రచారం దారి తప్పింది.

ఒక లైనంటే ఒక ఇన్‌స్ట్రక్షన్ అన్నది మొదటి మాట. బైనరీని తిరిగి పాఠ్యంగా మార్చే డిస్‌అసెంబ్లర్ ముద్రించే పాఠ్యం అలాగే కనిపిస్తుంది గనుక ఈ అపోహ సహజమే. కానీ స్పిర్-వి టూల్స్ అసెంబ్లర్‌కు లైను మారడం ఖాళీతో సమానం. ఒకే ఇన్‌స్ట్రక్షన్ నాలుగు లైన్లలో సాగవచ్చు, రెండు ఇన్‌స్ట్రక్షన్లు ఒకే లైనులో ఉండవచ్చు. ఒకటి ఎక్కడ ముగిసిందో తెలియాలంటే తరువాతిది ఎక్కడ మొదలైందో చూడాలి. ‘ఓప్’ అన్న రెండక్షరాల వెంట ఆంగ్ల పెద్ద అక్షరం ఉన్న పదం వస్తే కొత్త ఇన్‌స్ట్రక్షన్ మొదలైనట్టే. శాతం గుర్తుతో మొదలయ్యే ఐడీ (ఒక ఫలితానికో రకానికో పెట్టిన గుర్తింపు) వస్తే మాత్రం అది పాత ఇన్‌స్ట్రక్షన్‌కు మరో ఆపరాండ్ కావచ్చు, కొత్త ఇన్‌స్ట్రక్షన్ ఫలితం పేరూ కావచ్చు. ఓప్‌కాంపొజిట్‌కన్‌స్ట్రక్ట్ వంటివాటికి ఐడీలు ఎన్నయినా ఉండవచ్చు కాబట్టి లెక్కపెట్టి ఆగే వీలు లేదు. అందువల్ల పార్సర్ (పాఠ్యాన్ని చదివి అర్థం చేసుకునే భాగం) ఆ ఐడీ దగ్గర ఆగి, దాని తరువాత సమాన గుర్తు ఉందా, ఆ తరువాత ‘ఓప్’ తో మొదలయ్యే పదం ఉందా అని చూసి, రెండూ ఉన్నప్పుడే పాత ఇన్‌స్ట్రక్షన్‌ను ముగిస్తుంది. ఇది మూడు టోకెన్ల (పాఠ్యంలోని విడి ముక్కల) ముందుచూపు. లైన్లుగా విడగొట్టిన క్షణంలోనే ఆ అవకాశం చేజారుతుంది.

సెమికోలన్ తరువాత ఉన్నదంతా వ్యాఖ్య అన్నదీ, ఖాళీల దగ్గర ముక్కలు చేస్తే చాలన్నదీ ఒకే ఉదాహరణతో వీగిపోతాయి. డీబగ్ సమాచారంతో షేడర్‌ను కంపైల్ చేసినప్పుడు జీఎల్‌ఎస్‌ఎల్ (షేడర్లు రాసే భాష) మూలపాఠ్యం మొత్తం ఓప్‌సోర్స్ అనే ఇన్‌స్ట్రక్షన్‌లో కోట్ గుర్తుల మధ్య చేరుతుంది. జీఎల్‌ఎస్‌ఎల్‌లో దాదాపు ప్రతి వాక్యమూ సెమికోలన్‌తోనే ముగుస్తుంది. దానిలో ఖాళీలు ఉంటాయి, లైన్లు మారతాయి, కొన్నిసార్లు కోట్ గుర్తులూ ఉంటాయి. కోట్ లోపల ఉన్నామా బయట ఉన్నామా అని అక్షరం అక్షరానికీ గుర్తుపెట్టుకోని పార్సర్ ఆ మూలపాఠ్యాన్ని మొదటి సెమికోలన్ దగ్గరే తెగ్గొడుతుంది. నేను మొదటిసారి ఇలాంటి పార్సర్ రాసినప్పుడు నా ప్రోగ్రామ్ ఆగింది సరిగ్గా ఇక్కడే. చిన్న షేడర్లన్నీ సాఫీగా సాగాక, డీబగ్ సమాచారమున్న మొదటి ఫైలుకే విఫలమైంది.

కోట్ లోపలి బ్యాక్‌స్లాష్‌కు కూడా సీ భాషలో ఉన్న అర్థం లేదు. దాని వెనుక వచ్చే అక్షరం యథాతథంగా తీసుకోబడుతుంది, అంతే. అంటే బ్యాక్‌స్లాష్ వెనుక ‘ఎన్’ అక్షరం రాస్తే కొత్త లైను రాదు, ఆ అక్షరమే వస్తుంది. పైథాన్‌లోని సిద్ధమైన స్ట్రింగ్ డీకోడర్‌ను వాడుకున్నవారికి ఇక్కడ తప్పుడు ఫలితం వస్తుంది, పైగా ఏ హెచ్చరికా రాదు.

స్ట్రింగ్ పొడవు లెక్క మన భాషకు నేరుగా సంబంధించినది. స్పిర్-వి స్ట్రింగులు యూటీఎఫ్-8లో ఉంటాయి, చివర ఒక సున్నా బైటు ఉండాలి, మొత్తం నాలుగు బైట్ల గుణిజంగా నిండాలి. ‘తెలుగు’ అన్న మాటలో యూనికోడ్ సంకేతాలు 6, యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి 3 బైట్లు, మొత్తం 18, సున్నాతో 19. అంటే 5 వర్డులు కావాలి. అక్షరాలను లెక్కపెట్టే పార్సర్ 6కు 1 కలిపి 2 వర్డులే చాలనుకుంటుంది. మూలపాఠ్యంలో తెలుగు వ్యాఖ్య రాసుకున్నవారి షేడర్‌లో వర్డుల సంఖ్య తప్పి, ఆ తరువాతి ఇన్‌స్ట్రక్షన్లన్నీ చెడిపోతాయి. ఆంగ్ల పాఠ్యంతో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపం ఎన్నటికీ కనబడదు. వర్డుల సంఖ్యకు 16 బిట్లే ఉన్నాయి కాబట్టి ఒక ఇన్‌స్ట్రక్షన్ 65,535 వర్డులకు మించరాదన్న హద్దు కూడా ఉంది. పొడవైన మూలపాఠ్యాన్ని ఓప్‌సోర్స్‌కంటిన్యూడ్ అనే వేరే ఇన్‌స్ట్రక్షన్‌లోకి పొడిగించే ఏర్పాటు అందుకే ఉంది.

ఇక పేర్ల పట్టిక. ‘పేరు ఇస్తే సంఖ్య వస్తుంది’ అన్న పట్టిక ఈ భాషకు సాధ్యం కాదు, ఎందుకంటే ఒకే పేరుకు చోటును బట్టి వేర్వేరు సంఖ్యలున్నాయి. ‘యూనిఫామ్’ స్టోరేజ్ క్లాస్‌గా (విలువ ఏ రకం మెమరీలో ఉందో చెప్పే పేరుగా) వస్తే 2, డెకరేషన్‌గా (ఐడీకి తగిలించే అదనపు లక్షణంగా) వస్తే 26. ‘వోలటైల్’ మెమరీ యాక్సెస్ మాస్క్‌లో (ఒక్కో బిట్టు ఒక్కో ఎంపికను సూచించే సంఖ్యలో) మొదటి బిట్టు, డెకరేషన్లలో 21. కాబట్టి వెతకవలసింది పేరును మాత్రమే కాదు, ఆ చోట వ్యాకరణం ఏ రకం ఆపరాండ్‌ను ఆశిస్తోందో దానితో కలిపి. అంకెతో మొదలయ్యేదంతా సంఖ్య అనుకునే టోకెనైజర్‌కు ఇంకో అవరోధం ఉంది. ఓప్‌టైప్‌ఇమేజ్‌లో ‘2డీ’ అన్నది పేరు. దాని విలువ 1.

పేరు దొరికాక కూడా పని అయిపోదు, ఎందుకంటే కొన్ని పేర్లు తమ వెనుక కొత్త ఆపరాండ్లను తెస్తాయి. ఓప్‌లోడ్ చివర ‘వోలటైల్’ అన్న పేరు మాత్రమే ఉంటే ఇన్‌స్ట్రక్షన్ అక్కడితో ముగుస్తుంది. నిలువు గీతతో ‘అలైన్డ్’ కూడా చేరితే వెనుక ఒక పూర్ణసంఖ్య తప్పనిసరి. చిత్రం నుంచి రంగు తీసే ఇన్‌స్ట్రక్షన్లలో ‘కాన్‌స్ట్‌ఆఫ్‌సెట్’నూ ‘లాడ్’నూ ఏ వరుసలోనైనా కలిపి రాయవచ్చు, కానీ వాటి వెనుక వచ్చే ఆపరాండ్లు మాత్రం బిట్ల క్రమంలో, చిన్న బిట్టుది ముందు ఉండాలి. అంటే పాఠ్యంలో ‘కాన్‌స్ట్‌ఆఫ్‌సెట్’ ముందు కనిపించినా ‘లాడ్’ విలువే ముందు రావాలి. అందువల్లనే ఈ పార్సర్ ‘ఇంకా రావలసిన ఆపరాండ్లు’ అన్న ఒక స్టాక్‌ను వెంట ఉంచుకుని, చదివిన ప్రతి పేరును బట్టి దానిలో కొత్తవి చేరుస్తూ సాగుతుంది. ఓప్‌ఎక్స్‌ట్‌ఇన్‌స్ట్ విషయంలో వ్యాకరణమే ఎక్కడో పైన జరిగిన దిగుమతిని బట్టి మారుతుంది. వర్గమూలం సంఖ్య వల్కన్ షేడర్లు వాడే జీఎల్‌ఎస్‌ఎల్ సముదాయంలో 31, ఓపెన్‌సీఎల్ సముదాయంలో 61. ఏ ఐడీ ఏ సముదాయానిదో అసెంబ్లర్ గుర్తుంచుకోకపోతే ఆ పేరును చదవడమే సాధ్యం కాదు.

ప్రచారంలోని అన్ని మాటల్లో ఎక్కువ హాని చేసేది అంకెల గురించిన మాటే. ఓప్‌కాన్‌స్టంట్‌లో ‘1’ అని రాసి ఉంటే దాని బైనరీ ఏమిటి? రకం 32 బిట్ల పూర్ణసంఖ్య అయితే 1. రకం 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయితే రాయవలసిన వర్డు విలువ 1065353216. రకం 64 బిట్ల డబుల్ అయితే అది రెండు వర్డులు, కిందిది ముందు. 16 బిట్ల సంజ్ఞాసహిత పూర్ణసంఖ్యలో ‘-1’ రాస్తే సంజ్ఞను పై బిట్లకూ విస్తరించి 32 బిట్లనూ ఒకట్లతో నింపాలి; 16 బిట్ల సంజ్ఞారహిత సంఖ్యలో ‘65535’ రాస్తే కింది సగంలోనే ఒకట్లు, పై సగం సున్నాలు. టోకెన్‌ను ఎంతసేపు చూసినా ఈ తేడా కనబడదు. అది పదుల లైన్ల పైన ప్రకటించిన రకంలో ఉంది కాబట్టి, అసెంబ్లర్ ప్రతి రకం ప్రకటననూ నమోదు చేసుకుంటూ రావాలి. ఓప్‌స్విచ్ దగ్గర ఇది మరో మెట్టు ఎక్కుతుంది. అది ఒక విలువను బట్టి దారి ఎంచుకునే ఇన్‌స్ట్రక్షన్. అక్కడి కేసు విలువల వెడల్పు ఆ విలువ, అంటే సెలెక్టర్, రకాన్ని బట్టి ఉంటుంది, కానీ ఇన్‌స్ట్రక్షన్‌లో రకం రాసి ఉండదు, సెలెక్టర్ ఐడీ మాత్రమే ఉంటుంది. కాబట్టి రకాలనే కాదు, ప్రతి విలువ ఏ రకానిదో కూడా గుర్తుంచుకోవాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆశ్చర్యార్థకం వెనుక పూర్ణసంఖ్య రాస్తే అసెంబ్లర్ దాన్ని యథాతథంగా ఒక వర్డుగా రాస్తుంది, ఆ ఇన్‌స్ట్రక్షన్‌లోని తక్కిన భాగాన్ని వ్యాకరణంతో పోల్చకుండా చదువుతుంది. కావాలని చెడిపోయిన బైనరీలను తయారుచేసి పరీక్షించడానికి ఇది ఉపయోగపడుతుంది. ‘అంకెలను ఉన్నవి ఉన్నట్టు రాయాలి’ అన్న సూత్రం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

లేబుళ్ల కోసం రెండుసార్లు చదవాలన్న మాట యంత్రభాషల అసెంబ్లర్ల నుంచి వచ్చింది. అక్కడ లేబుల్ ఒక చిరునామా. మధ్యలో ఎన్ని బైట్లున్నాయో తెలిస్తే తప్ప దాని విలువ తెలియదు. స్పిర్-విలో లేబుల్ కేవలం ఒక ఐడీ. మొదటిసారి కనిపించినప్పుడు తరువాతి సంఖ్య కేటాయిస్తే చాలు, నిర్వచనం ఎంత దూరంలో ఉన్నా ఫరవాలేదు. శీర్షికలో ఐడీల గరిష్ఠ హద్దు చెప్పే వర్డును చివర నింపుకోవచ్చు. రకాల సంగతి ఏమిటన్న సందేహానికి భాష నియమాలే జవాబు చెబుతాయి. రకాలూ స్థిరాంకాలూ ఫంక్షన్లకంటే ముందు, ప్రతిదీ సాధారణంగా దాన్ని వాడేదానికంటే ముందు ఉండాలి. ఒక బ్లాకు (వరుసగా నడిచే ఇన్‌స్ట్రక్షన్ల గుంపు) తాను ఆధిపత్యం వహించే, అంటే తన మీదుగా తప్ప చేరుకోలేని, బ్లాకులన్నిటికంటే ముందు రావాలి కాబట్టి ఓప్‌స్విచ్‌కు చేరేసరికి సెలెక్టర్ నిర్వచనం దాటే ఉంటాము. అయినా ఒక సందర్భంలో రెండుసార్లు చదవక తప్పదు. పాఠ్యంలో ఐదో నంబరుగా రాసిన ఐడీ బైనరీలోనూ ఐదుగానే ఉండాలని అడిగితే, పేర్లున్న ఐడీలకు ఆ సంఖ్యలు పొరపాటున పోకుండా స్పిర్-వి టూల్స్ ముందుగా ఒకసారి ఫైలంతా చదివి అంకెల ఐడీలను ఏరుకుంటుంది. ఆ ఐచ్ఛికం అడగకపోతే పాఠ్యంలోని 5 బైనరీలో 5గా ఉంటుందన్న హామీ లేదు. అంటే రెండోసారి చదవడం అవసరమయ్యే కారణం ప్రచారం చెప్పేది కాదు.

చివరిది వ్యాలిడేటర్. అది చూసేది బైనరీని. పాఠ్యంలో మనం ఏమి ఉద్దేశించామో తెలుసుకునే దారి దానికి లేదు. డబుల్ స్థిరాంకానికి ఒక వర్డు తక్కువ రాస్తే అది పట్టుకుంటుంది, నిజమే. కానీ 16 బిట్ల సంజ్ఞారహిత స్థిరాంకంగా ‘70000’ అని రాసి, అసెంబ్లర్ దాన్ని 16 బిట్లకు కుదించి 4464గా రాసేస్తే, ఆ బైనరీలో వ్యాలిడేటర్‌కు ఏ దోషమూ కనిపించదు. స్పిర్-వి టూల్స్ అసెంబ్లర్ ఆ సంఖ్య 16 బిట్లలో ఇమడదని అక్కడికక్కడే చెప్పి ఆగిపోతుంది. సంజ్ఞారహిత రకానికి రుణసంఖ్య రాసినా అంతే. ఫ్లోట్ రకానికి ‘1’ ని పూర్ణసంఖ్యగా రాసినప్పుడు పరిస్థితి ఇంకా దారుణం. ఆ వర్డును ఫ్లోట్‌గా చదివితే వచ్చే విలువ 2ను −149 ఘాతానికి పెంచినంత, అంటే దాదాపు సున్నా. మాడ్యూలు వ్యాలిడేటర్‌ను దాటుతుంది, డ్రైవర్ దాన్ని స్వీకరిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. రాసిన మనిషి తన లైటింగ్ లెక్కల్లో, టెక్స్చర్లలో, డ్రైవర్లో తప్పు వెతుకుతూ రోజులు గడుపుతాడు. పాఠ్యమూ రకమూ రెండూ ఒకేసారి చేతిలో ఉండేది అసెంబ్లర్‌కు మాత్రమే కాబట్టి ఆ తప్పును లైను సంఖ్యతో సహా చూపగలిగిందీ అదొక్కటే.