తప్పు మన వానలది కాదు

చెక్క విమానం మస్కిటో గురించి ఇక్కడ బ్రిటన్‌లో నేను విన్న ప్రతి కథలోనూ భారతదేశం ఒక్కచోటే కనిపిస్తుంది. అక్కడి ఎండకూ వానకూ విమానం జిగురు ఊడిపోయిందట! ఇక్కడ పెరిగే మన పిల్లలూ అదే విని, అదే నమ్ముతున్నారు. ఇది సగం కథ, అందులోనూ మనకు అన్యాయం చేసే సగం.

విమానం గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, లోహానికి కటకట వస్తుందన్న రోజుల్లో, తుపాకులు లేని చెక్క బాంబర్ చేస్తామని డి హావిలాండ్ సంస్థ అంటే అధికారులు చాలామంది పెదవి విరిచారు. ఎయిర్ మార్షల్ విల్‌ఫ్రిడ్ ఫ్రీమన్ పట్టుబట్టి వెనక నిలిచారు. 1940 నవంబరు 25న హాట్‌ఫీల్డ్‌లో అది తొలిసారి ఎగిరింది. ఇద్దరే మనుషులు, రెండు మెర్లిన్ ఇంజన్లు. వేగమే దాని కవచం. శత్రువుల స్థావరాల ఫోటోలు తీసింది, బాంబులు వేసింది, రాత్రిపూట విమానాలను వేటాడింది, స్వీడన్ నుంచి బాల్ బేరింగులు మోసుకొచ్చింది. 1943లో శాస్త్రవేత్త నీల్స్ బోర్‌ను బాంబుల అరలోనే ఉంచి బ్రిటన్‌కు చేర్చింది. మొత్తం 7,781 విమానాలు తయారయ్యాయి.

ఈ ఘనతలో పెద్ద వాటా వడ్రంగులదే. ఈక్వడార్ నుంచి వచ్చిన తేలికైన బాల్సా చెక్కను రెండు పలుచని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య పెట్టి, జిగురుతో అచ్చు మీద బిగించేవారు. విమానం ఒళ్లు వేరుసెనగ కాయ చిప్పల్లా రెండు సగాలుగా తయారయ్యేది. తీగలూ గొట్టాలూ చాలావరకు లోపల అమర్చాక రెండింటినీ కలిపి అతికించేవారు. కుర్చీలు, బల్లలు చేసే కార్ఖానాలు కూడా విడిభాగాలు చేసిచ్చాయి.

1944లో భారతదేశంలో కొన్ని మస్కిటోలు గాలిలోనే విరిగిపోయాయి. మనుషులు చనిపోయారు. ఆ ఏడాది చివర అక్కడి మస్కిటోలను నేలమీదే నిలిపివేశారు. విచారణకు వచ్చిన బృందానికి నాయకుడు హెరివార్డ్ డి హావిలాండ్, సంస్థ అధినేతకు స్వయానా తమ్ముడు. జిగురు చెడలేదు, వానాకాలంలో చెక్క కుంచించుకుపోయిందని ఆయన తేల్చారు. తర్వాతి విచారణలు మాత్రం తయారీ లోపమేనని గట్టిగా చెప్పాయి. ఇంగ్లండ్‌లోని డెఫర్డ్‌లో పరీక్షించిన మస్కిటోల్లోనూ అవే లోపాలు బయటపడ్డాయి. అవి హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ కార్ఖానాల్లో తయారైనవి. మన వాన చుక్క ఒక్కటీ వాటి మీద పడలేదు, చెదపురుగు సోకలేదు. చివరికి రెక్క అతుకు మీద ప్లైవుడ్ పట్టీ వేసి సరిదిద్దారు.

ఇంత స్పష్టంగా తేలిన విషయం తర్వాత కూడా నింద వాన మీదే ఉండిపోవడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంది. పాల నుంచి చేసే పాత కేసీన్ జిగురు తేమకు ఓర్చుకోలేదన్నది నిజమే, అందుకే జిగురు మార్చారు కూడా. కానీ ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టి కార్ఖానాలో జరిగిన తప్పును కప్పిపుచ్చకూడదు. తొందరలో, యుద్ధం ఒత్తిడిలో పనిచేసినవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. ఆ విమానాలెక్కి చనిపోయినవాళ్లకు నిజం దక్కాలంటున్నాను.

మరో సంగతి మన గోదావరి వాళ్లయినా తెలుసుకోవాలి. మస్కిటో చెక్క ఒంటి మీద సన్నని నూలు వస్త్రం పరిచి, దాని మీద బిగుతు పట్టే పూత పూసేవారు. ఆ రకం బట్టను మడపోలం అంటారు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం నుంచి, 17వ శతాబ్దంలో అక్కడ వర్తక స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి వచ్చిన పేరది.

మన సంఘం ఈ వేసవిలో పిల్లలను లండన్ కోల్నీ దగ్గరి సాల్స్‌బరీ హాల్ మ్యూజియానికి తీసుకెళ్లాలని నా ప్రతిపాదన. తొలిసారి ఎగిరిన ఆ మొదటి మస్కిటోనే అక్కడ భద్రంగా ఉంది. వెళ్లినప్పుడు బోర్ ప్రయాణం గురించి ఎంత ఇష్టంగా చెబుతామో, డెఫర్డ్ పరీక్షల గురించీ మాధవాయిపాలెం గురించీ అంతే ఇష్టంగా చెబుదాం.