మందుల సంచీ విప్పించే డాక్టరు

మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్. బీపీకి టెల్మిసార్టన్. కాళ్లవాపుకు మరొకరు రాసిన, నీరు లాగే మాత్ర. ఏ చీటీకి ఆ చీటీ చూస్తే తప్పుపట్టడానికేం లేదు. మూడూ కలిపి ఒకే పెద్దావిడ మింగితే మాత్రం, మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టేందుకు కావాల్సిన ఒత్తిడి మూడువైపుల నుంచీ పడిపోతుంది. ఎండాకాలంలో రెండ్రోజులు విరేచనాలు పట్టుకుంటే చాలు, మూత్రపిండాల పని ఎంత తగ్గిందో చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, ఎగబాకుతుంది. అంతదాకా రాకముందే సంచీలోని మందులన్నీ బల్లమీద పోయించి, ఏది ఎవరు ఎందుకు రాశారో అడిగే డాక్టరు ఊళ్లో ఉండాలి. మన జూనియర్ డాక్టర్లు ఫ్యామిలీ మెడిసిన్ అనే ఆ విద్యను కూర్చుని నేర్చుకునే చోటు దాదాపు లేదు.

అమెరికాలో వైద్య పరిశోధకుడు కెర్ వైట్ బృందం 1961లోనే ఒక లెక్క తేల్చింది. వెయ్యిమంది పెద్దల్లో నెలకు 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. 250 మంది డాక్టరు దగ్గరికి వెళతారు. ఆస్పత్రిలో చేరేది 9 మంది. విశ్వవిద్యాలయ ఆస్పత్రి దాకా చేరేది ఒక్కరు. ఇక్కడ అంకెలు వేరుగా ఉండొచ్చు గానీ తీరు ఇదే. ఎంబీబీఎస్ విద్యార్థి ఆ ఒక్కరి మంచం పక్కన చదువుకుని, ఉద్యోగంలో ఆ 250 మంది ముందు కూర్చుంటాడు. వందమంది జ్వరాల్లో ఏది రేపటిదాకా ఆగగలదో, ఏది ఆగలేదో తేల్చడం వార్డులో అబ్బే విద్య కాదు.

ఆంధ్రప్రదేశ్ 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించింది. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) ఇద్దరు డాక్టర్లు, అందులో ఒకరు 104 సంచార వైద్య వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి అన్నది అప్పటి ఏర్పాటు. ఆలోచన మంచిదే. కానీ వాహనం ఎక్కినంత మాత్రాన శిక్షణ వచ్చేయదు. నడిచొచ్చిన మనిషిని ఐదు నిమిషాలైనా కూర్చోనివ్వకుండా, లావు చేతికి చిన్న పట్టీ చుట్టి చూస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. ఆ అంకె నమ్మి మందు పెంచితే, ఆ పెద్దాయన తెల్లవారుజామున మంచం దిగుతూ కళ్లు తిరిగి పడతాడు.

ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు, అంటే ప్రజారోగ్య విభాగానికి, 12 వారాలున్నాయి. పీజీ నీట్ పుస్తకాలకు అంతకన్నా అనువైన కాలం లేదన్నది హాస్టళ్లలో అందరికీ తెలిసిన సంగతే! ఆ వారాల్లో ఒక్కో ఇంటర్న్‌కు పాతిక కుటుంబాలను అప్పగించి, వారానికోసారి అదే మనుషులను చూపించాలి. తాను పెంచిన మాత్ర ఏం చేసిందో తన కళ్లతోనే చూడాలి. వారానికి పది చీటీలను సీనియర్ పక్కన కూర్చుని సరిదిద్దాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష రాశాడా, వైరల్ జలుబుకు అజిత్రోమైసిన్ ఎందుకిచ్చాడు, పెద్దాస్పత్రికి పంపిన రోగి చీటీలో అప్పటికే ఇచ్చిన మందులు రాశాడా?

అసలు చిక్కు ఆ సీనియర్ ఎక్కడినుంచి వస్తారన్నదే. ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్ల డీఎన్‌బీ (జాతీయ బోర్డు ఇచ్చే పీజీ పట్టా) ఉంది, రెండేళ్ల డిప్లొమా ఉంది, కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ ఉంది. 2017 జాతీయ ఆరోగ్య విధానమూ ఈ కోర్సును ప్రోత్సహించమంది. అయినా ఎంబీబీఎస్ కళాశాలలో తప్పనిసరిగా ఉండాల్సిన విభాగాల జాబితాలో దీని పేరు లేదు. విభాగం లేకుంటే అధ్యాపక పోస్టు లేదు. పోస్టు లేని కోర్సులో చేరమంటే కుర్రాడు రేడియాలజీ వైపు చూడక ఏం చేస్తాడు? రెండు తెలుగు రాష్ట్రాలూ వరసగా కొత్త వైద్య కళాశాలలు తెరిచాయి. ముందు వాటిలోనైనా ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లతో ఈ విభాగం పెట్టి, పక్కనున్న పీహెచ్‌సీని దాని ఓపీగా అప్పగించవచ్చు.