సవరణ: రౌండు మారినంత మాత్రాన జంట మారదు

మొన్న ఓట్రీలో, అంటే మనుషులతో ఆటల రూపంలో ప్రయోగాలు చేయడానికి వాడే పైథాన్ సాఫ్ట్‌వేర్‌లో, బేరాల ఆట (జంటలో ఒకరు డబ్బులో కొంత ఇస్తామంటారు, రెండోవాళ్లు సరే అనో కాదనో అంటారు) రాయడం గురించి చెబుతూ, పది రౌండ్లు పెడితే ప్రతి రౌండుకూ జంటలు వాటంతటవే మారతాయన్నాను. అది తప్పు. మనం చెప్పకపోతే మొదటి రౌండు జంటలే చివరిదాకా ఉంటాయి.

నిన్న తార్నాకలో నలుగురు జూనియర్లతో ఆడించినప్పుడు బయటపడింది. 100 రూపాయల్లో 20 ఇస్తామంటే ఒకమ్మాయి కాదంది. తర్వాతి రౌండులో 40 వచ్చింది. "అవతలాళ్లు దిగొచ్చారక్కా, ఇంకా లాగొచ్చు" అంది. అవతల ఉన్నది అదే మనిషని పసిగట్టేసింది! కోఠీలో రోజూ ఒకే కొట్లో బేరమాడటం వేరు, దారిన పోతూ ఒక్కసారి అడగటం వేరు. రెండూ కలిసిపోతే ఆ డేటాతో ఏమీ తేల్చలేం.

జంటలు మారాలంటే సెషన్ తయారయ్యే ఫంక్షన్‌లో 'గ్రూప్ రాండమ్‌లీ' రాయాలి. అదొక్కటే పెడితే పాత్రలు కూడా తారుమారవుతాయి. ఇచ్చేవాళ్లు ఇచ్చేవాళ్లుగానే ఉండాలంటే అందులోనే 'ఫిక్స్‌డ్ ఐడీ ఇన్ గ్రూప్' ట్రూ అని పెట్టాలి. అయినా నలుగురే ఉంటే పాత జంట మళ్లీ పడొచ్చు, ఎక్కువమందిని పిలవండి.

నా పాత కోడ్ కాపీ చేసుకున్నవాళ్లు దయచేసి ఇది సరిచేశాకే ఆడించండి.