హారన్ కొట్టగానే వీధి మీదైపోదు సార్

పొద్దున్నే ఒడిశా బరంపురంలోని మా తెలుగు నేతగాళ్ల వీధిలో మగ్గానికెక్కించే పడుగు (నిలువు పోగులు) సాగదీస్తున్నారు. ఈ కొసన బాబాయి, ఆ కొసన పిన్ని, మధ్యలో తెగిన పోగులు ముడేస్తూ ఇద్దరు కుర్రాళ్లు. కొత్త అపార్ట్‌మెంటాయన కారు తీసి ఒకటే హారన్. "అయిపోయింది బాబూ, అయిదు నిమిషాలు" అంటే అద్దం దించి, "మీ ఆంధ్రాకి పోయి చేసుకోండి ఇవన్నీ" అన్నాడు!

ఏ ఆంధ్రాకండీ? 1936 ఏప్రిల్ 1 దాకా మా బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ రోజు నుంచి ఒరిస్సా అన్నారు, సరే అన్నాం. అంతకుముందెప్పుడో ఇక్కడి మహురి రాజులు రమ్మంటే రాజమండ్రి వైపు నుంచి వచ్చామని పెద్దలు చెబుతారు, కాదనను. ఈయన పోయినేడు ట్రాన్స్‌ఫర్ మీద దిగాడు. వి.వి.గిరి గారు 1894లో పుట్టిందీ ఈ బరంపురంలోనే. ఆయన్ని కూడా పొమ్మనేవాడేమో.

మా పట్టుచీరకి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వస్తే ఒడిశా గర్వకారణం. పూరీ జగన్నాథుడికి ఇక్కడి పట్టు కూడా కడతారు. చీర ఒడిశాది, నేసినవాడు మాత్రం ఆంధ్రావాడు! భలే లెక్క.

మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి ఆ తల్లి పుట్టింటికొచ్చేది ఎక్కడికి? మా దేశిబెహరా వీధికే. మా డేరా సాలీల (నేతగాళ్ల కులం) పెద్ద, భార్యతో వెళ్లి ఆడపడుచుని పిలిచినట్టు పిలుచుకొస్తాడు. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ ఊరంతా ఘటాల వెనకే. ఆ రాత్రుళ్లు వచ్చి కొట్టమనండి హారన్, చూద్దాం.

అయినా ఆయన్ననేం లాభం? ఆ అపార్ట్‌మెంట్ లేచిన జాగా ఎవరిది? మనోళ్లదే. మగ్గం గుంట పూడ్చేసి, బిల్డరుకి అమ్మేసి వైజాగ్ చెక్కేశారు. పట్టు నూలు ధరకీ చేతికొచ్చే కూలికీ పొంతన లేదని నాకూ తెలుసు, వెళ్లినందుకు తప్పుపట్టను. కానీ మావి ఉమ్మడి గోడల ఇళ్లు కదా! కూల్చేముందు ఒక్కమాట చెప్పొద్దా? ఆ దెబ్బకి మా వంటింటి గోడ అటక దగ్గర్నుంచి పొయ్యిగట్టు దాకా బీటలు వారింది. వానొస్తే పప్పు డబ్బాల మీదకే కారుతుంది. బాగుచేయిస్తానన్న మా చిన్నాన్న కొడుకు అప్పట్నుంచి ఫోనే ఎత్తడు.

యాత్రకి మాత్రం రెండేళ్లకోసారి తప్పకుండా దిగుతాడు. ఘటం పక్కన సెల్ఫీ, "మిస్ యూ బరంపురం" అని పోస్టు, భోజనం మా ఇంట్లో. ఒరేయ్, చదువుతున్నావని తెలుసు. ఈసారి మేస్త్రీ కూలి చేతిలో పెట్టాకే నీకు విస్తరి వేసేది.